గ్రాంటు మీద నడిచే మార్కెట్‌ను నమ్మి పంట వేస్తున్నారా?

హాస్టళ్లకో, స్వచ్ఛంద సంస్థలకో కూరగాయలు సరఫరా చేస్తున్న ఎఫ్‌పీఓ సభ్యులు 2025లో అమెరికా చిన్న రైతులకు ఎదురైన అనుభవాన్ని ఒకసారి గమనించాలి.

అక్కడ పేదలకు ఉచితంగా ఆహార సరుకులు అందించే సంస్థలను ఫుడ్ బ్యాంకులు అంటారు. స్థానిక రైతుల పంటను వీటికి చేర్చడానికి అమెరికా వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో 40 కోట్ల డాలర్ల వరకు నిధులతో ఒక పథకం ప్రకటించింది. డబ్బు రాష్ట్రాలకు, గిరిజన ప్రభుత్వాలకు వెళ్లేది. చాలా చోట్ల లాభాపేక్ష లేని సంస్థలు ఆ డబ్బుతో రైతుల నుంచి సరుకు కొని, ఫుడ్ బ్యాంకులకు చేర్చేవి. పంట అదే రాష్ట్రంలోదో, 400 మైళ్ల (సుమారు 640 కిలోమీటర్లు) లోపు పండినదో కావాలి. రైతుకు మంచి ధర, పేదకు తాజా కూరగాయలు దక్కాయి.

2025 మార్చిలో ఆ ఏడాదికి అనుకున్న సుమారు 42 కోట్ల డాలర్ల కొత్త విడతను వ్యవసాయ శాఖ రద్దు చేసింది. తమ లక్ష్యాలకు అది ఇక ఉపయోగపడదని కారణం చెప్పింది. మార్చి అంటే అక్కడ చాలా ప్రాంతాల్లో నారు పోసుకునే కాలం. ఈ కొనుగోళ్లను లెక్కలో పెట్టుకుని సాగుకు సిద్ధమైన రైతులు వేరే కొనుగోలుదారులను వెతుక్కోవాల్సి వచ్చింది. పథకం చెడ్డదని కాదు, దాని గడువు రైతు చేతిలో లేదు.

మన దగ్గరా అంతే. కేంద్రం 2020లో ప్రారంభించిన 10,000 ఎఫ్‌పీఓల పథకంలో నిర్వహణ ఖర్చులకు ఇచ్చే సాయం మూడేళ్లకు గరిష్ఠంగా రూ.18 లక్షలు. ఆ తర్వాత మేనేజరు జీతం, గోదాము అద్దె వ్యాపారం నుంచే రావాలి.

కాబట్టి విత్తనం కొనకముందే ఇవి చూసుకోండి:

• కొనే సంస్థకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ఏ నెల వరకు మంజూరైంది?

• పరిమాణం, ధర, చెల్లింపు గడువు రాతపూర్వకంగా ఉన్నాయా?

• ఆ ఆర్డరు ఆగిపోతే సరుకు ఎక్కడ అమ్ముతారు? రైతుబజారు ధరకు అమ్మినా కోత కూలి, రవాణా పోను పెట్టుబడి తిరిగి వస్తుందా?

• సంఘం పంటంతా ఒక్కరికే ఒప్పుకున్నారా? కనీసం ఇద్దరు, ముగ్గురు కొనుగోలుదారులు ఉండేలా చూసుకోండి.

గ్రాంటు వచ్చినప్పుడు తప్పక వాడుకోండి. ఆ డబ్బుతో క్రేట్లు, తూకం యంత్రం, గ్రేడింగ్ బల్లలు సమకూర్చుకుంటే పథకం పోయినా అవి మిగులుతాయి.