కొలిమి కవిత్వానికి ఆకురాయి పరీక్ష

మూడేళ్ళ కిందట ఒక కవితా సంపుటి మీద రాస్తూ, "కొలిమి నిప్పుల్లో మెరిసే శ్రమ సౌందర్యం" అని ఒక ముక్క రాశాను. నలుగురు మెచ్చుకున్నారు. కవిగారు ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పారు. అప్పటికి నేను కొలిమిని దగ్గరగా చూసింది ఒక్క ఇంజనీరింగ్ ఫస్టియర్ వర్క్‌షాపులోనే. శేరిగూడలో చదివాను. గుండ్రటి కడ్డీని కాల్చి చదరంగా సాగగొట్టడం మా ఎక్సర్‌సైజు. కొట్టింది అటెండరు, రికార్డులో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంది నేను. ఆ రివ్యూ కూడా అలాంటి రికార్డే.

ఆ ముక్కని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. కారణం ఒక గొడ్డలి, ఒక బాడిస.

లాక్‌డౌన్‌లో చెక్క గరిటెలు చెక్కే పిచ్చి పట్టింది. అందరిలాగే యూట్యూబ్ చూసి, స్వీడన్‌లో గ్రాన్స్‌ఫోర్స్ బ్రూక్ వాళ్ళ గొడ్డలి మీద మనసు పడ్డాను. మన రూపాయల్లో ఐదంకెల ధర. ప్రతి గొడ్డలి మీదా దాన్ని కొట్టిన కమ్మరి పేరులోని పొడి అక్షరాలు ముద్ర వేసి ఉంటాయి. అది చూసి కరిగిపోయాను కానీ జేబు కరగలేదు. చివరికి ఇబ్రహీంపట్నం దగ్గర సాగర్ రోడ్డు పక్కన గుడారం వేసుకున్న మధ్యప్రదేశ్ కుటుంబం దగ్గర కొన్నాను. లారీ కమాన్ పట్టీ ముక్క కాల్చి ఆయన పట్టకారుతో పట్టుకుంటే, ఆవిడ సమ్మెట వేసేది. స్వీడన్ ధరకి నోరెత్తని నేను అక్కడ యాభై రూపాయలు బేరం ఆడాను.

తెచ్చి శేరిగూడలో నాకు తెలిసిన వడ్ల తాతకి చూపించాను. చేత్తో తూచి, "బిడ్డా, ఇది కట్టెలు గొట్టనీకె. దీనితోని గంటె జెక్కితె నీ మణికట్టు పోతది" అన్నాడు. నేను కొన్నది కిలోన్నర పైమాటే. ఒంటి చేత్తో చెక్కడానికి ఏడెనిమిది వందల గ్రాములు చాలు. మళ్ళీ వెళ్ళాం, ఈసారి తాతతో. ఆయన కామ చివర నుంచి ఒక కన్ను మూసి చూశాడు, అంచూ కామా ఒకే గీతలో ఉన్నాయా అని. వేలికి వేలాడదీసి రాయితో తట్టాడు. ఖంగుమంటే సరే, బొంగురుగా మోగితే ఎక్కడో పగులుంది. తర్వాత జేబులోంచి ఆకురాయి తీసి అంచు మీద ఒక్కసారి లాగాడు. గాజు మీదలా జారిపోతే అంచు మరీ గట్టి, కర్రలో ముడి తగిలితే పెచ్చు లేస్తుంది. సబ్బులా కోసుకుపోతే మెత్తన, అంచు మడత పడుతుంది. అయిష్టంగా, కొంచెమే పట్టుకోవాలి. పదకొండు గొడ్డళ్ళలో రెండు నిలబడ్డాయి. రెండోదాని కామ తుమ్మదే కానీ పోగు అడ్డంగా పోయింది. పక్కన పెట్టించాడు.

అయినా అది గరిటె చెక్కే గొడ్డలి కాలేదు. కొలిమి నుంచి వచ్చిన అంచుకి పొట్ట ఉంటుంది. మొద్దు చీల్చడానికి ఆ పొట్ట కావాలి, చెక్కేటప్పుడు మాత్రం అదే దెబ్బని పక్కకి తన్నేస్తుంది. రెండు వైపులా బల్లపరుపుగా, అంచు దగ్గర పాతిక ముప్పై డిగ్రీల కోణం వచ్చేలా అరగదీయాలి. ఇంజనీర్ని కదా, యాంగిల్ గ్రైండర్ పెట్టాను. రెండు నిమిషాల్లో అంచు నీలం రంగు తిరిగింది. అంటే ఆయన నీళ్ళలో ముంచి పెట్టిన పదును మొత్తం నేను తీసేశాను. మళ్ళీ కొలిమికి తీసుకెళ్తే ఆయన నవ్వి, కాల్చి, మళ్ళీ నీళ్ళు పట్టించి ఇచ్చాడు. ఈసారి ఆకురాయితో, నీళ్ళు పోసుకుంటూ సానరాయితో, చివర్లో పాత బెల్టు తోలు మీద, మూడు సాయంత్రాలు పట్టింది.

ఈ మధ్య ఒక కథ చదివాను. పేరెందుకులెండి. అందులో వడ్రంగి బాడిసని ఎర్రబడే దాకా గ్రైండరు మీద సానపట్టి, ఆ కోపంతోనే పోయి తలుపు చెక్కుతాడు. ఎర్రబడిన బాడిసతో అతను తలుపు కాదు, గుమ్మడికాయ కూడా సరిగా కోయలేడు. ఆ సన్నివేశాన్ని ఇద్దరు విమర్శకులు శ్రామిక ఆగ్రహానికి గొప్ప ప్రతీక అన్నారు. తన పనిముట్టుని తానే చెడగొట్టుకునే పనివాణ్ణి చూసి చప్పట్లు కొట్టాం. ఒక ప్రోగ్రామర్ కోపంతో లాప్‌టాప్‌ని నీళ్ళలో ముంచి, వెంటనే కోడ్ రాశాడని రాస్తే మనం ఊరుకుంటామా? మన పని మీద రాస్తే నవ్వుతాం, వాళ్ళ పని మీద రాస్తే ప్రతీక అంటాం.

కవిత్వం మాన్యువల్ కాదు కదా అంటారు. నిజమే. కొలిమి అనే మాటని ఎవరూ వాడకూడదని నేను అనడం లేదు. అల్లం రాజయ్య నవలకి 'కొలిమంటుకున్నది' అని పేరు పెడితే దాని వెనక కరీంనగర్ పల్లెల పోరాటం ఉంది. గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' పాట ('కుబుసం' సినిమా, 2002) ఒక్కో వృత్తి దగ్గరా ఆగి, దాని పనిముట్టుని పేరు పెట్టి పిలుస్తుంది. బాడిస కూడా ఉంది అందులో. ఆ పాట తర్వాత వచ్చినవాళ్ళలో చాలామంది పనిముట్లు వదిలేసి కన్నీళ్ళు మాత్రం తీసుకున్నారు. కమ్మరి చచ్చిపోయాడని ఇరవై ఏళ్ళుగా ఏడుస్తున్నాం. రోడ్డు పక్కన హిందీలో మాట్లాడుతూ గొడ్డలి కొడుతున్న మనిషి మన ఎలిజీలో ఇమడడు కాబట్టి కనపడడు. డమాస్కస్ కత్తులకి ఉక్కు మన కోనసముద్రం నుంచి వెళ్ళిందని మాత్రం గర్వంగా షేర్ చేస్తాం.

భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం తెచ్చారు, వ్యవసాయ పదాలతో. పొలాల్లో పనిచేసేవాళ్ళని అడిగి రాయించిన పుస్తకం. సాహిత్యం చదివే నా స్నేహితుల్లో దాన్ని తెరిచినవాళ్ళు ఇద్దరు. మనకి 'శ్రమ' అనే ఒక్క మాట చాలు. దాని కింద గొడ్డలినీ బాడిసనీ ఒకే కుప్పలో పోసేస్తాం. రెండిటి స్వభావమే వేరు. బాడిస మోచేతి చుట్టూ తిరుగుతుంది. అంచు ఆ చాపం మీద పడేలా కామకీ దానికీ కోణం ఉండాలి. ఆ కోణం తప్పితే కర్ర మీద జారుతుంది, లేదా దిగబడిపోతుంది. చదును చేసే బాడిసకి సాన లోపలి వైపు, చేతికేసి. గిన్నె తొలిచే వంపు బాడిసకి బయటి వైపు ఉంటే మేలు, లేకపోతే గుంటలోకి దిగిన అంచు పైకి తేలదు. నేను సాన తప్పు వైపు పట్టి వేప గిన్నెకి అడుగున బెజ్జం పెట్టాను. ఇంకో అభ్యంతరం కూడా వింటాను, ఇదంతా సాఫ్ట్‌వేర్‌వాడి వీకెండ్ సరదా అని. ఒప్పుకుంటాను. నేను చెక్కితే హాబీ, తాత చెక్కితే కులం. తాత మనవడు ఈ పని నేర్చుకోడు. నేర్చుకోమని చెప్పే హక్కు నాకు లేదు. తప్పుగా రాయని బాధ్యత మాత్రం ఉంది.

బాడిస కోణం ఇంకా సరిపోలేదు. కాల్చి కాస్త లోపలికి వంచాలి. పోయిన ఆదివారం వెళ్తే గుడారం లేదు, రోడ్డు పక్కన బొగ్గు మసి ఉంది. ఫలానా ఆయన అని అడుగుదామంటే పేరు తెలీదు, ఇన్నిసార్లు వెళ్ళినా అడగలేదు. యాచారం వైపు పోయినట్టున్నారని టీకొట్టతను అన్నాడు. బాడిస బండి డిక్కీలోనే ఉంది.