తల దించే పాఠం మనమే చెబుతున్నామా?

అడవిలో ఎలుగుబంటి ఎదురైతే కేకలేసి తరిమే మనం, కాగితం పట్టుకొచ్చిన గార్డు ముందు ఎందుకు చేతులు కట్టుకుంటున్నాం? పిరికితనం మన రక్తంలో లేదు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తుపాకులకు ఎదురు నిలిచిన కుమ్రం భీం మనవాడే. మరి ఈ భయం ఎక్కడ నేర్చుకున్నాం?

బడిలోనే. కోయలోనో గోండిలోనో జవాబు చెప్పిన పిల్లను "తెలుగులో చెప్పు" అని గద్దించి కూర్చోబెట్టిందెవరు? మనమే, ఆదివాసీ పంతుళ్లమే. ఆ రోజు నోరు మూసుకున్న పిల్లే పెద్దదై గ్రామసభలో వెనక వరసలో కూర్చుంటుంది. చదివి వినిపించని తీర్మానం కింద సంతకం పెడుతుంది.

2006 అటవీ హక్కుల చట్టం ఏమంటోంది? హక్కుల గుర్తింపు మొదలయ్యేది గ్రామసభలోనే. ఆ గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా మనల్ని సాగులో ఉన్న అటవీ భూమి నుంచి వెళ్లగొట్టకూడదు. ఈ ముక్క తెలిసినవాళ్లు "ఆ కాగితం చదివి వినిపించండి సార్" అని అడగగలరు.

"ఎదురు మాట్లాడితే కేసు పెడతారు" అంటారు మనవాళ్లు. పెట్టొచ్చు. నోరు మెదపనివాళ్ల భూములు మాత్రం మిగిలాయా? ఒక్కడు అడిగితే కేసు, ఊరంతా అడిగితే గ్రామసభ.

ధైర్యం ఎవరో తెచ్చి ఇచ్చేది కాదు, మనలోంచే రావాలి. రేపటి నుంచి మన తరగతిలో పిల్లలు ముందు తమ భాషలోనే జవాబు చెప్పాలి. గ్రామసభ తీర్మానాన్ని బిగ్గరగా చదవడం మనమే నేర్పాలి. అంతకంటే ముందు, మన చేతిలో బెత్తం కింద పెడదాం.