దీవుల బడికి దీవుల ప్రణాళిక

డిసెంబరులో, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. జూన్‌లో ఐదు కొట్టకముందే తెల్లారిపోతుంది. సూర్యుడు నడిచేది 93 డిగ్రీల రేఖాంశం లెక్కన, గోడ గడియారం నడిచేది కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖను బట్టి. తేడా నలభై నిమిషాలు. ‘బడి వదిలాక పిల్లలు ఎలాగూ ఆడుకుంటారు’ అన్న ధీమా కాకినాడలో చెల్లుతుందేమో గానీ, బస్సెక్కి ఇల్లు చేరేసరికి చీకటి పడే దీవిలో చెల్లదు.

దానికి తోడు వాన. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ వంతులవారీగా తడుపుతాయి. మైదానం బురదైతే ఆటల పీరియడ్ లెక్కల మాస్టారి చేతికి పోతుంది. మళ్లీ వెనక్కి రాదు.

ఇక తిండి. ఉల్లిపాయ, బంగాళాదుంప, పప్పు, వంటనూనె చాలావరకు మెయిన్‌లాండ్ నుంచి ఓడెక్కి రావాలి. చెన్నై సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. ఓడ ఆలస్యమైతే కూరగాయలు వాడిపోతాయి, ధర పెరుగుతుంది. చిప్స్ పొట్లానికి ఆ బెంగ లేదు. నెలల తరబడి నిలవుంటుంది, అన్ని దీవులకూ చేరుతుంది. పిల్లవాడి చేతిలో జామకాయకు బదులు పొట్లం కనబడితే అందులో సగం నేరం ఓడల రాకపోకలదే.

పొద్దు, వాన, ఓడ. ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకోని ఆరోగ్య విధానం అండమాన్, నికోబార్ బడులకు పనికిరాదన్నదే ఈ ప్రణాళిక మొదటి మాట, అసలు మాట. దీన్ని తమదిగా చేసుకోవలసినవారు పిల్లల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, బడి వంటవాళ్లు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగువాళ్లు 13 శాతం దాకా ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకూ కూలికీ వచ్చి స్థిరపడిన కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ నుంచి హడ్డో దాకా కనిపిస్తాయి. ప్రభుత్వ బడుల్లో హిందీ, ఇంగ్లీషు, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ప్రణాళిక తెలుగులో రాసినంత మాత్రాన తెలుగు పిల్లలకే పరిమితం కాదు. ఒకే బెంచీ మీద బెంగాలీ పిల్లా, రాంచీ నుంచి వచ్చిన కూలీల మనవడూ, నికోబారీ పిల్లా కూర్చునే చోట అలా రాయడం కుదరదు కూడా.

నియమాలకు కొరత లేదు. మధ్యాహ్న భోజన పథకం పీఎం పోషణ్ కింద ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ అందాలి. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న తిండిని బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్ల లోపునా అమ్మరాదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. 2025 మేలో సీబీఎస్‌ఈ బడుల్లో చక్కెర గురించి హెచ్చరించే ‘షుగర్ బోర్డులు’ పెట్టమంది. నాలుగు నుంచి పదేళ్ల పిల్లల రోజువారీ కేలరీల్లో 13 శాతం, పదకొండు నుంచి పద్ధెనిమిదేళ్ల వారిలో 15 శాతం చక్కెర నుంచే వస్తున్నాయనీ, అది 5 శాతం మించకూడదనీ ఆ సర్క్యులర్ చెప్పింది. బడికి ఇద్దరు ఉపాధ్యాయులు ‘ఆరోగ్య రాయబారులు’గా ఉండాలన్న కేంద్ర కార్యక్రమం 2020 నుంచీ ఉంది. తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు రోజుకో వ్యాయామ పీరియడ్ ఉండాలని సీబీఎస్‌ఈ 2018లోనే చెప్పింది.

ఇన్నీ ఉండి ఏం లాభం? ఒక్కో ఉత్తర్వు ఒక్కో ఫైల్లో పడుకుంటుంది. ఫలానా బడిలో ఎవరు ఏం చేయాలో, చేయకపోతే ఎవరిని అడగాలో చెప్పే కాగితం అమ్మానాన్నల కంటపడదు. అమెరికా ఈ ముడిని ఒక దారిలో విప్పింది. 2004 నాటి చట్టంతో, ప్రభుత్వ భోజన పథకంలో ఉన్న ప్రతి పాఠశాల జిల్లా 2006 విద్యా సంవత్సరానికల్లా తన ఆరోగ్య విధానాన్ని రాసుకోవలసి వచ్చింది. రాసినవి చాలాచోట్ల బీరువాలకే పరిమితమయ్యాయి. అందుకే 2010 చట్టం, 2016 నిబంధనలు బాధ్యుడెవరో పేర్కొనాలన్నాయి, తల్లిదండ్రులను కలుపుకోవాలన్నాయి, మూడేళ్లకోసారి ఫలితం లెక్కగట్టి బయటపెట్టాలన్నాయి. అక్కడి మెనూ మనకు అక్కరలేదు గానీ ఈ పద్ధతి మాత్రం కావాలి.

కాబట్టి ప్రతి బడీ తన విధానాన్ని ఒకే ఒక్క పేజీలో రాసి గేటు దగ్గర అంటించాలి. ఆ ఊళ్లో మాట్లాడే భాషలన్నిటిలో రాయాలి. రాసేది స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు. సంతకాలకే పరిమితమవుతున్న కమిటీకి ఇంతకన్నా మంచి పని దొరకదు.

ఆ పేజీలో మొదట ఉండాల్సింది చేప. దేశపు ప్రత్యేక సముద్ర ఆర్థిక మండలం (ఈఈజెడ్)లో దాదాపు మూడో వంతు సముద్రం ఈ దీవుల చుట్టూ ఉంది. ఇంట్లో కానాగుర్తల పులుసుతో, నెత్తళ్ల వేపుడుతో పెరిగిన పిల్లలకు ప్రొటీన్ గురించి చెబుతూ ఓడలో వచ్చిన సోయా ఉండలు చూపడం విడ్డూరం. తినే అలవాటున్న పిల్లలకు వారానికి ఒకసారైనా స్థానిక చేప వడ్డించాలని ఈ ప్రణాళిక కోరుతుంది. ఇబ్బందులు లేకపోలేదు. ముల్లు గొంతులో ఇరుక్కుంటుందని టీచర్లు భయపడతారు. ఐసు లేకపోతే చేప పాడవుతుంది. వేట లేని రోజులు ఉంటాయి. చిన్న తరగతులకు ముల్లు తీసిన ట్యూనా, పెద్ద తరగతులకు మిగతా రకాలు, వేట ఆగిన వారం గుడ్డు పెడితే సరిపోతుంది. చేప ముట్టని పిల్లలకు అదే రోజు అంతే ప్రొటీన్ ఉన్న మరో వంటకం ఉండాలి, వాళ్లను వేరే వరసలో కూర్చోబెట్టకూడదు.

కూర సంగతి కొంత తేలిక. ఇప్పుడు షహీద్ ద్వీప్ అంటున్న నీల్ దీవి అండమాన్‌కు కూరగాయల బుట్ట. బడి వంటకు ముందు అక్కడి పంట, ఆ తర్వాతే ఓడ సరుకు కొనాలి. మునగ, బచ్చలి, అరటి, కంద, బర్మా ధనియా ఇక్కడి నేలలో వద్దన్నా పెరుగుతాయి. నికోబార్‌లో కొబ్బరి, కేతకి పండు, దుంపలు ఉన్నాయి. 2019లో వచ్చిన స్కూల్ న్యూట్రిషన్ గార్డెన్ మార్గదర్శకాలు ఇందుకు అనుమతి ఇచ్చేశాయి. తోటపని పిల్లల చేత వెట్టిగా చేయించకుండా, సైన్సు పీరియడ్‌లో భాగం చేస్తే చాలు.

డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. ఆంధ్రప్రదేశ్ తన సొమ్ము కలిపి మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగిజావ చేర్చుకోగలిగింది. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టుకుంది. తమిళనాడు 2022లో, తెలంగాణ 2023లో పొద్దుటి అల్పాహారం మొదలుపెట్టాయి. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతానికి పథకం ఖర్చంతా కేంద్రమే భరిస్తుంది. అది వరమే. అయితే అదనంగా ఒక గుడ్డు కావాలంటే ఓటు అడగడానికి వచ్చే ఎమ్మెల్యే లేడు. విన్నపం నేరుగా పాలనా యంత్రాంగానికి, విద్యాశాఖ డైరెక్టరేట్‌కు వెళ్లాలి. ఒక బడి అడిగితే పక్కన పెడతారు, యాభై బడులు ఒకే పేజీ పంపితే పక్కన పెట్టడం అంత సులువు కాదు.

పొట్లాల మీద ఈ ప్రణాళిక వైఖరి కఠినం. 50 మీటర్ల గీత రంగుతో గీసి ఉండాలి. గీత లోపలున్న దుకాణదారుణ్ని తరిమేయడం కాకుండా కొబ్బరినీళ్లు, ఉడికించిన శనగలు, అరటిపండు అమ్మేలా కమిటీ ఒప్పించాలి. దీవిలో ఖాళీ పొట్లం వెళ్లడానికి చోటు లేదు, మురుగుకాలవలోనో సముద్రంలోనో తేలుతుంది. మంచినీళ్లు లేని బడిలో శీతల పానీయాన్ని నిషేధించడం మాత్రం దొంగ నీతి. ధనిఖారీ జలాశయం అడుగంటే వేసవి నెలల్లో పోర్ట్ బ్లెయిర్ నగరానికే నీటి కోత పడుతుంది. 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట బడి కప్పు నీళ్లు ట్యాంకులోకి మళ్లించకపోవడానికి సాకు లేదు.

ఆట దగ్గరికి వద్దాం. ఐదు నుంచి పదిహేడేళ్ల వాళ్లు సగటున రోజుకు గంటసేపు ఒళ్లు వంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ దీవుల్లో ఆ గంట పొద్దున్నే రావాలి, వెలుతురు ఉన్నది అప్పుడే. వానాకాలానికి వరండాలో, షెడ్డులో ఆడగలిగేవి ముందే రాసుకోవాలి: తొక్కుడుబిళ్ల, తాడాట, యోగా, క్యారమ్స్ కాని ఏదైనా. ఆటల పీరియడ్‌ను మరో సబ్జెక్టు తీసుకుంటే అదే వారంలో తిరిగి ఇవ్వాలి. గుంజీలు, మైదానం చుట్టూ పరుగులు శిక్షలుగా వేయకూడదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను ఎలాగూ నిషేధించింది. కదలికనే శిక్షగా మార్చిన బడి వ్యాయామం మీద పాఠం చెప్పడం చూడ్డానికే బాగోదు. సమగ్ర శిక్షా కింద ప్రాథమిక బడికి ఏటా 5,000, ప్రాథమికోన్నత బడికి 10,000, ఉన్నత బడికి 25,000 రూపాయల దాకా క్రీడా గ్రాంటు ఉంది. ఆ డబ్బుతో ఏం కొన్నారో కూడా గేటు దగ్గరి పేజీలో రాయాలి.

2004 సునామీలో కార్ నికోబార్‌లో చెట్టు పట్టుకుని రోజుల తరబడి ప్రాణం నిలుపుకున్న డెబోరా హెరాల్డ్ దేశం మెచ్చిన సైక్లిస్టు అయింది. ఈ దీవుల కుర్రాడే అయిన ఎసో ఆల్బెన్ 2019లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో బంగారం తెచ్చిన భారత జట్టులో ఒకడు. వాళ్ల ఫొటోలు ప్రతి బడిలో పెట్టుకోవచ్చు. అయితే ఈ ప్రణాళిక పతకాల కోసం కాదు. జట్టుకు ఎంపిక కాని పిల్లవాడు, ఎనిమిదో తరగతికి రాగానే మైదానం మానేసే ఆడపిల్ల, వీల్‌చెయిర్‌లో వరండాలో మిగిలిపోయే పిల్ల – వీళ్లు వారంలో ఎన్ని గంటలు ఆడారన్నదే కొలత. పిల్లల బరువు తరగతిలో గట్టిగా చదవడం ఈ కొలతల్లో లేదు, ఉండకూడదు కూడా. ఆ లెక్క తల్లిదండ్రులకు విడిగా, చీటీలో వెళ్లాలి. దీవుల్లో ఐదేళ్లలోపు పిల్లల్లో ఐదింట ఒక వంతుకు పైగా వయసుకు తగ్గ ఎత్తు లేరనీ, పెద్దవాళ్లలో అధిక బరువు విపరీతమనీ ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఒకే ఇంట్లో రెండూ ఉన్నప్పుడు ఎగతాళి ఎవరికీ మేలు చేయదు.

మొదటి ఏడాది పని ఇంతే: జూన్‌కల్లా పేజీ రాయడం, పేజీ కింద బాధ్యుడైన ఉపాధ్యాయుడి పేరు పెట్టడం, వంటమ్మ అభిప్రాయం అడిగి అందులో చేర్చడం, డిసెంబరులో కమిటీ కూర్చుని జరిగినవీ జరగనివీ పేజీ వెనకవైపు రాసి మళ్లీ గేటుకు అంటించడం. ఒక ప్రతి డైరెక్టరేట్‌కు వెళుతుంది. మూడో ఏట పక్క బడి తల్లిదండ్రులు వచ్చి పరిశీలిస్తారు, ముందుగా కబురు పెట్టకుండా.