డౌన్‌టౌన్‌లూ, మన మండీ బజారూ

అమెరికా అనగానే మన విద్యార్థి లోకానికి కనుల ముందు మెదలేది ఆకాశాన్నంటే భవనాల వరుస. దానిని ఛాయాచిత్రాలలో చూచి ముగ్ధులై, మన వరంగల్ చౌరస్తాకు అటువంటి భాగ్యం ఎన్నడు పట్టునో అని నిట్టూర్చేవారు మనలో అనేకులు కలరు. మా అభిప్రాయం వేరు. ఒక నగరం నడిబొడ్డున రాత్రి 8 గంటలకు కాలినడకన ఎవరు తిరుగుతున్నారు, ఏ పని మీద తిరుగుతున్నారు అన్నదే దాని అందానికి అసలైన కొలత.

నగరపు నడిబొడ్డును అక్కడివారు డౌన్‌టౌన్ అంటారు. పేరు ఒక్కటే గాని, ఒక ఊరి డౌన్‌టౌన్‌కూ మరొక ఊరి దానికీ పోలిక తక్కువ. 1871 నాటి ఘోర అగ్నిప్రమాదం తరువాత తిరిగి నిర్మితమైన షికాగోలో, వీధులకు పైన ఇనుప స్తంభాలపై రైళ్ళు నడిబొడ్డును చుట్టి తిరుగుతాయి. ఆ ప్రాంతాన్ని లూప్ అంటారు. రైలు దిగినవాడు నడవక తప్పదు. నడిచేవాడు ఉంటే దుకాణానికి గిరాకీ తప్పక ఉంటుంది. మినియాపొలిస్‌లో ఇందుకు భిన్నం. చలికి జడిసి 1962 నుండి భవనానికీ భవనానికీ రెండవ అంతస్తులో అద్దాల వంతెనలు కట్టుకున్నారు. వెచ్చగా నడువవచ్చును, నిజమే. కాని జనం పైకెక్కిన కొద్దీ కింది వీధి బోసిపోయినది.

అన్నిటికంటె ఆలోచింపదగినది లాస్ ఏంజెలిస్. అక్కడ బంకర్ హిల్ అనే గుట్టపై పాతకాలపు చెక్క భవంతులు ఉండేవి. కాలక్రమాన అవి పేదలకూ వృద్ధులకూ చవక అద్దె గదులైనవి. వాటిని మురికివాడగా నిర్ణయించి, 1959లో పునర్నిర్మాణ పథకాన్ని ఆమోదించి, జనాన్ని ఖాళీ చేయించి, ఇళ్ళను నేలమట్టం గావించి, తరువాతి దశాబ్దాలలో కార్యాలయ సౌధాలు లేపినారు. ఆ గుట్ట దిగువనే బ్రాడ్‌వే వీధి కలదు. సంపన్నులు శివార్లకు తరలిపోయిన తరువాత ఆ వీధిని దశాబ్దాల పాటు బతికించినది మెక్సికో నుండి వలస వచ్చిన సామాన్య జనం. పెళ్ళి దుస్తుల అంగళ్ళు, స్పానిష్ చిత్రాలాడే పాత సినిమా హాళ్ళు, 1917 నుండి నడుస్తున్న గ్రాండ్ సెంట్రల్ మార్కెట్! ఛాయాచిత్రానికి గుట్ట మీది సౌధాలు; సంసారానికి దిగువ వీధి.

కేవలం కార్యాలయాలతో నిండిన నడిబొడ్డు సాయంత్రానికి శూన్యమవుతుందని జేన్ జేకబ్స్ 1961లో వెలువరించిన గ్రంథంలో వాదించినది. ఇళ్ళు, దుకాణాలు, పనిచోట్లు కలిసి ఉండవలెనని ఆమె మతం. న్యూయార్క్ నగరం 1990 దశకంలో మన్‌హాటన్ దక్షిణ కొసన ఉన్న పాత కార్యాలయ భవనాలను నివాసాలుగా మార్చేవారికి పన్ను రాయితీలిచ్చినది. అంతటి నగరమే దారి మార్చుకొనవలసి వచ్చినది గదా!

ఇక మన సంగతి. మండీ బజారులో కింద దుకాణం, పైన కాపురం అన్నది ఎవరూ గ్రంథం చదివి నేర్చినది కాదు. రంజాన్ రాత్రులలో హలీం బట్టీల చుట్టూ చేరే జనంలో అన్ని మతాలవారూ ఉంటారు. అయితే దీనిని స్వర్గమని మేము చెప్పుట లేదు. కాలిబాట ఉన్నచోట సామాను, లేనిచోట మురుగుకాలువ. మన విద్యార్థినులు ఆటోల నడుమ బిక్కుబిక్కుమంటూ నడవవలసిన దుస్థితి సిగ్గుచేటు. అంబులెన్సుకు దారి దొరకదన్న ఫిర్యాదు కూడ అబద్ధం కాదు.

కాని దీనికి విరుగుడుగా బండ్లవారిని తరిమివేసి, పాత దుకాణాలు పడగొట్టి, అద్దాల కాంప్లెక్సులు కట్టమనే వాదాన్ని మేము అంగీకరింపజాలము. బంకర్ హిల్‌లో జరిగినది అదే. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ప్రకారం పట్టణ వర్తక సంఘంలో కనీసం 40 శాతం స్థానాలు వర్తకుల ప్రతినిధులకే చెందవలెను. బండి ఎక్కడ నిలుపవలెనో నిర్ణయించేటప్పుడు బండివాని మాట వినవలెనన్నది దయాధర్మం కాదు, శాసనం.

2016లో వరంగల్ స్మార్ట్ సిటీల జాబితాకు ఎక్కినప్పుడు మనమందరం సంతోషించినాము. ఆ సంతోషంలో నడిచేవాని వాటా ఎంత అని అడుగుటకు లెక్కలు కావలెను. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది: వచ్చే విద్యా సంవత్సరంలో విద్యార్థులను జట్లుగా విభజించి మండీ బజారు, వరంగల్ చౌరస్తా, హనుమకొండ చౌరస్తాలకు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి పంపండి. ఎందరు నడుస్తున్నారు, అందులో స్త్రీలెందరు, కాలిబాట ఎక్కడ తెగిపోతున్నది, ఏ బండి ఏ వేళకు వస్తున్నది అన్నది వ్రాయించండి. ఆ పట్టికను నగరపాలక సంస్థకు సమర్పింపవచ్చును. ఉర్దూ, తెలుగు విభాగాలు రెండూ కలిసి చేయవలసిన పని ఇది. మండీ బజారులో బేరం రెండు భాషలలోనూ సాగుతుంది.