లాగ్‌బుక్కు చెప్పని సంగతి

విమాన చోదకుల అనుభవాన్ని గంటల్లో కొలుస్తారు. మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగిరితే చాలు. అమెరికాలో విమానసంస్థలో సహపైలట్‌గా చేరడానికే సాధారణంగా 1500 గంటలు కావాలి. ఈ రెంటిలో ఏది సబబన్న వాదన ఎప్పుడూ వినబడేదే. అసలు ఆ కొలతే అసమగ్రమని నా అభిప్రాయం.

ఆ 1500 వెనుక ఒక విషాదముంది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి కోల్గన్ ఎయిర్ 3407 విమానం బఫెలో నగరం సమీపాన ఒక ఇంటిపై కూలింది. నేలమీద ఉన్న ఒకరితో కలిపి 50 మంది మరణించారు. వేగం పడిపోతోందని కంట్రోల్ కాలమ్ వణుకుతూ హెచ్చరించినప్పుడు, విమానం ముక్కును కిందికి దించవలసిన కెప్టెన్ దానిని పైకి లాగాడు. మృతుల కుటుంబాల పోరాట ఫలితంగా 2010లో చట్టం వచ్చింది. 1500 గంటల నియమం 2013లో అమలైంది.

అయితే ఆ రాత్రికి కెప్టెన్‌కు 3,300 గంటలు, సహపైలట్‌కు 2,200 గంటలు దాటాయి. కెప్టెన్ ఆ ఉద్యోగంలో చేరేనాటికి గంటలు తక్కువే, నిజమే. మరి తరువాత చేరిన వేల గంటలు ఆ క్షణాన అతని చేతికి ఎందుకు అందిరాలేదు?

కాక్‌పిట్ ధ్వనిముద్రణలో సహపైలట్ మాటలు నన్ను ఇప్పటికీ వెంటాడుతుంటాయి. తాను ఉద్యోగానికి వచ్చేనాటికి ఉన్న పదహారు వందల గంటలూ ఫీనిక్స్‌లో ఎగిరినవేననీ, వాటన్నిటిలోకన్న సంస్థలో తొలిరోజునే తనకు ఎక్కువ మబ్బుల అనుభవం కలిగిందనీ ఆమె కెప్టెన్‌తో అన్నది. కొద్ది నిమిషాలకే ప్రమాదం జరిగింది. రెక్కలపై పేరిన మంచు దానికి కారణం కాదని దర్యాప్తు తేల్చింది. అయినా, ఎడారి ఆకాశంలో ఎన్ని గంటలు తిరిగినా ఏమి దొరకదో ఆమెకు తెలుసు!

కొత్త పైలట్లు ఈ గంటలను ఎక్కువగా శిక్షకులుగా పనిచేసి పోగుచేసుకుంటారు. ఆ పనిని నేను చిన్నచూపు చూడను. ఎదుటివాడి పొరపాటును ముందే పసిగట్టడం, ఒంటరిగా నిర్ణయం తీసుకోవడం అక్కడ అలవడతాయి. కాని తెలిసిన విమానాశ్రయం చుట్టూ ఒంటి ఇంజను విమానంలో వేయిసార్లు తిరిగినవారికి జెట్ వేగమూ, ఇద్దరు కలిసి పనిని పంచుకునే క్రమశిక్షణా వాటంతట అవే రావు. 200 గంటలతో వచ్చినవారికి ఆ క్రమశిక్షణను సిమ్యులేటర్‌లో నేర్పవచ్చు. సొంతంగా చిక్కుల్లో పడి బయటపడిన అనుభవాన్ని మాత్రం ఇవ్వడం కష్టం. ఎవరి లోటు వారిది.

నిజానికి ఆ చట్టంలో అంతగా చర్చకు రాని మరో భాగముంది. దాని ఫలితంగా, విమానం పూర్తిగా పట్టుతప్పే స్థితిని సిమ్యులేటర్‌లో చవిచూపి, అందులోంచి తేరుకోవడం నేర్పే శిక్షణ అక్కడి విమానసంస్థలకు తప్పనిసరి అయింది. నన్నడిగితే ప్రయాణికులకు అసలైన రక్షణ అదే.

అప్పుచేసి పిల్లలను పైలట్ చదువుకు పంపే తల్లిదండ్రులు మన తెలుగువారిలోనూ ఉన్నారు. ఎన్ని గంటలయ్యాయని వారు అడుగుతారు. ఉద్యోగమిచ్చేవారూ ముందు అదే అడుగుతారు. ఆ గంటల్లో ఏయే వాతావరణం చూశావు, ఎక్కడ తడబడ్డావు, ఎలా సర్దుకున్నావు అని కూడా అడగాలి. మీ మీ వృత్తుల్లో అనుభవాన్ని ఎలా తూస్తారో చెబితే తెలుసుకోవాలని ఉంది.