నాలుకే కాటా

గత ఆదివారం అవనిగడ్డ దగ్గర చుట్టాలింట్లో వోణీల ఫంక్షన్‌కి వెళ్లాను. పదమూడేళ్ల పిల్లని పీట మీద కూర్చోబెట్టి, పెద్దవాళ్లంతా నోట్లో చిమ్మిలి పెట్టి, "బాగా తినాలి తల్లీ, నడుం గట్టిపడుతుంది" అని దీవించారు. భోజనాల దగ్గర అదే పెద్దవాళ్లు ఆ పిల్ల అక్కని చూసి, "ఏమే, ఇంటర్‌కొచ్చాక బందరు లడ్డులా తయారయ్యావు, రేపు సంబంధాలెలా వస్తాయి?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. కొరికిన బూరె విస్తట్లో వదిలేసి లేచిపోయింది.

మూడేళ్ల కిందట ఆ అక్కనీ ఇలాగే తినమని దీవించిన నోళ్లే ఇప్పుడు తిన్నందుకు దెప్పాయి. వారం రోజులుగా ఆ బూరె నా కళ్లముందే ఉంది. ఎందుకంటే అలాంటి మాట ఒకటి నా మేనకోడలితో నేనూ అన్నాను.

గుడివాడలో టెన్త్ దాకా చదివి, ఇంటర్‌కి హాస్టల్లో చేరింది. ఒక్క మార్కు తగ్గితే రాత్రంతా నిద్రపోని పిల్ల. సంక్రాంతికి వచ్చినప్పుడు "కాస్త ఒళ్లు చేశావే" అన్నాను, ముద్దుగానే. వేసవి సెలవులకి వచ్చేసరికి చున్నీ చాటున ఎముకలు కనిపించాయి. తినమంటే గ్యాస్ అంది. శనివారం ఉపవాసం అంది, తర్వాత మంగళవారం కూడా అంది. పిల్లకి భక్తి కుదిరిందని సంతోషించాం. మా అమ్మ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. నెలసరి ఆగిపోయి, ఒకరోజు కళ్లు తిరిగి పడ్డాక గాని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లలేదు.

మా అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి. "తిండి లేక ఏడ్చినవాళ్లని చూశాను గాని, కంచం ముందు పెట్టుకుని ఏడ్చేవాళ్లని చూడలేదురా" అంది. మన ప్రాంతంలో ఈ జబ్బుని గుర్తుపట్టలేకపోవడానికి కారణం ఆ మాటలోనే ఉంది. ఆకలి అంటే మనకి తిండి లేకపోవడమే. ఉండి తినకపోతే అది మారాం అనో, పొగరనో అనుకుంటాం.

మారాం కాదు, జబ్బు. లండన్ వైద్యుడు విలియం గల్ 1873లోనే దీనికి అనోరెక్సియా నెర్వోజా అని పేరు పెట్టాడు. కొందరు పిల్లలు ఆపుకోలేక అతిగా తిని, భయపడి వాంతి చేసుకుంటారు. అది బులీమియా. పైకి సన్నబడరు కాబట్టి ఇంట్లోవాళ్లకి ఏళ్ల తరబడి తెలియదు. ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. మానసిక వ్యాధుల్లో ఎక్కువగా ప్రాణాలు తీసేవాటిలో అనోరెక్సియా ఒకటి. మగపిల్లలకీ వస్తుంది. కండల కోసం జిమ్‌కి వెళ్లి, అన్నం మాని పొడులు తాగే కుర్రాళ్లని కూడా కనిపెట్టి చూడాలి.

నా మాట ఒక్కటే ఆ పిల్లని పడేసిందని డాక్టరు అనలేదు. వంశపారంపర్యంగా వచ్చే గుణం కొంత ఉంటుంది. అన్నీ నూటికి నూరు రావాలనే స్వభావం, లోపలి ఆందోళన ఉంటాయి. ఈడొచ్చిన ఆడపిల్లకి ఒళ్లు రావడం ప్రకృతి. సరిగ్గా ఆ వయసులోనే చేతికి ఫోను వస్తుంది, ర్యాంకుల ఒత్తిడి మొదలవుతుంది. వీటిలో చాలావాటిని మనం ఆపలేం. ఆపగలిగినవి రెండు: ఎగతాళి, డైటింగ్.

ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో స్కూలు పిల్లల్ని మూడేళ్లు గమనించి 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. అసలు డైటింగ్ చెయ్యని అమ్మాయిలతో పోలిస్తే, ఓ మోస్తరుగా చేసినవాళ్లకి ఇలాంటి తిండి జబ్బులు వచ్చే అవకాశం 5 రెట్లు, తీవ్రంగా చేసినవాళ్లకి 18 రెట్లు ఎక్కువని తేలింది. కొన్నేళ్ల క్రితం కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ మన కృష్ణా జిల్లాలో ఊరూరా పాకింది. పెద్దవాళ్లు తమ కోసం మొదలుపెట్టారు. అదే ఇంట్లో ఎదుగుతున్న పిల్లలు అది చూసి, అన్నం పాపమని నేర్చుకున్నారు. ఆంధ్రలో వందలో దాదాపు 59 మంది స్త్రీలకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన రోజుల్లో, ఎదిగే ఆడపిల్లకి అన్నం మానే విద్య నేర్పడం ఎంత అన్యాయం!

ఒకసారి తిండి తగ్గితే మనసు తన మాట తాను వినదు. 1944, 45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలలు అరకడుపు తిండి పెట్టి చూశారు. వాళ్లకి పగలూ రాత్రీ తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. మా పిల్ల కూడా ఇంటిల్లిపాదికీ రకరకాలుగా వండి కొసరి కొసరి వడ్డించేది, తను మాత్రం ముట్టేది కాదు. "ఎంత మంచి పిల్లో" అని మురిసిపోయాం.

దీనికి వైద్యం ఉంది. అందులో అమ్మానాన్నలు దోషులు కారు, ముఖ్యమైన సహాయకులు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం రోజూ పక్కన కూర్చుని, తిట్టకుండా, బతిమాలకుండా, ఓపిగ్గా తినిపించడమే చికిత్సలో పెద్ద భాగం. బాగా చిక్కిపోయిన పిల్లకి ఒక్కసారిగా కుక్కి పెట్టడం ప్రమాదం, కాబట్టి ముందు డాక్టరుకి చూపించాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అది, డబ్బు కట్టక్కర్లేదు.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరి ఒంటి గురించీ ఎవరూ మాట్లాడరు. లావు, సన్నం, నలుపు, తెలుపు ఏదీ లేదు. మా మేనకోడలు కోలుకుంటోంది. మొన్న నా పక్కన కూర్చుని పప్పన్నం కలుపుకుని తింది. బాగా తిన్నావని మెచ్చుకోబోయి ఆగాను. అదీ తూకమే కదా. ఏం చదువుతున్నావమ్మా అని అడిగాను. చెప్పుకుంటూ మారు వడ్డించుకుంది.