ఇంజను వెనుక, నింద ముందు



ఆమధ్య నా పూర్వవిద్యార్థి ఒకడు జర్మనీ నుంచి వచ్చినప్పుడు, ఇద్దరం కలిసి అఫ్జల్‌గంజ్‌లో ఆటో ఎక్కి లాల్‌దర్వాజా వైపు బయలుదేరాం. నయాపూల్ దాటి మదీనా కూడలి చేరేసరికి ఎదురుగా ఒక తోపుడుబండి అడ్డం వచ్చింది. దాన్ని తప్పించబోయి ఆటో ఒక్కమారుగా పక్కకు ఒరిగి, మళ్లీ నిలదొక్కుకుంది. మావాడు డ్రైవరును కసురుకున్నాడు. "ఈ పాతబస్తీ ఆటోవాళ్లకు బుద్ధి రాదు సార్, ఎప్పుడో ఒకనాడు బోల్తా కొట్టిస్తారు" అని నాతో అన్నాడు. డ్రైవరు వెనక్కి తిరగకుండానే "ముంగటి పయ్య ఒక్కటే గద సారూ, జర ఒరుగుతది" అని ఊరుకున్నాడు.

శాలిబండ చేరేలోగా మావాడి ప్రసంగం పోర్షె 911 అనే కారు మీదికి మళ్లింది. అక్కడ ఒకరోజు అద్దెకు తీసుకొని నడిపాడట. దాని ఇంజను వెనుక ఉంటుందట. మలుపులో భయపడి ఆక్సిలరేటరు మీద కాలు తీస్తే బండి తోక విసురుతుందట. "దాన్ని లొంగదీసుకున్నవాడే డ్రైవరు సార్!" అన్నాడు, కళ్లు మెరుస్తుండగా.

నాకు నవ్వు వచ్చింది. "నాయనా, మనం కూర్చున్న బండికి కూడా ఇంజను వెనుకే" అన్నాను. ఒక బండి ఒరిగితే నడిపేవాడికి బుద్ధిలేదు. ఇంకొక బండి తోక విసిరితే అది దాని గొప్పతనం. ఈ తర్కం నాకు అప్పుడు కొరుకుడు పడలేదు, ఇప్పటికీ పడలేదు. ఇంతకూ ఆ కారుకున్న పేరు న్యాయమైనదేనా? ఈ ఆటోకున్న పేరు న్యాయమైనదేనా? ఈ రెండు ప్రశ్నలనూ కలిపి విచారించడమే ఈ టపా ఉద్దేశం. నేను ఆ కారును నడపలేదు, నడపబోను కూడా. అయితే పద్యం రాయనివాడు పద్యాన్ని పరామర్శించకూడదన్న నియమం మనలో లేదు కదా!

ముందుగా కారు సంగతి. బండికి గుర్రం ముందుండేది. గుర్రం పోయి ఇంజను వచ్చిన తొలినాళ్లలో అది చాలా బండ్లలో వెనుకో సీటు కిందో ఉండేది, తర్వాతే ముందుకు వచ్చి కూర్చుంది. మా చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటిది. దాని ఇంజను ముందే. వెనుక పెట్టడంలోనూ లాభాలున్నాయి. వెనుక చక్రాలను తిప్పడానికి పొడుగాటి కడ్డీ అక్కరలేదు. తిరిగే చక్రాల మీదే బరువు ఉంటుంది కనుక అవి నేలను గట్టిగా పట్టుకుంటాయి. ఫెర్డినాండ్ పోర్షె రూపొందించిన ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇటువంటిదే. ఆయన కుమారుడి హయాంలో, మనవడు ఆకృతి దిద్దగా, 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 అన్న పేరుతో ఒక కారు వెలువడింది. నడుమ సున్న గల మూడంకెల పేర్లు తమవని ప్యూజో సంస్థ అభ్యంతరం చెప్పగా అది 911 అయింది.

ఇక దోషం. ఆ కారులో ఇంజను వెనుక ఇరుసుకు కూడా వెనుక వేలాడుతుంది. మన ఎడ్లబండి ఎరిగినవారికి ఇది చెప్పనక్కరలేదు. వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందెక్కువైతే ఎద్దుల మెడలు కుంగుతాయి. మలుపులో వేగంగా పోతున్నవాడు జంకి కాలు తీశాడనుకోండి. బరువు ముందుకు వాలుతుంది, వెనుక చక్రాల పట్టు సడలుతుంది, ఆ వెనుకనున్న ఇంజను లోలకంలా బయటికి ఊగుతుంది. అంతే, తల ఉండవలసిన చోటికి తోక వస్తుంది. ప్రాణభయం కలిగినప్పుడు మనిషి మొదట చేసే పని కాలు తీయడం. ఆ సహజమైన పనినే ఈ కారు శిక్షించేది. 1975లో వచ్చిన టర్బోలో శక్తి కొంత ఆలస్యంగా, ఒక్క ఉదుటున వచ్చి పడేది. దానికి ఇంగ్లీషువారు పెట్టిన మారుపేరుకు అర్థం, ఇల్లాళ్ల పసుపుకుంకుమలు తుడిచే బండి అని. కనుక ప్రమాదకరమన్న పేరు కట్టుకథ కాదు, ఆనాటికి నిజమే.

ఆ దోషాన్ని కంపెనీ దాచుకోలేదు, దిద్దుకుంటూ వచ్చింది. మొదట్లో ముందు బంపరు మూలల్లో ఇనుపదిమ్మెలు పెట్టింది. మన సంతలో తక్కెడకు పాసంగం కట్టినట్టన్నమాట! తర్వాత 1969 మోడలులో ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ నడుమ దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచింది. ముందు ఇంజనుతో 928 అనే కారును 1977లో తెచ్చి, క్రమంగా 911కు స్వస్తి చెప్పాలనుకుంది. 1981లో అధిపతిగా వచ్చిన పీటర్ షుట్జ్ ఆ ఆలోచనను తిప్పివేశాడు. అటుపైన నాలుగు చక్రాలనూ తిప్పే రకం వచ్చింది, 1990ల్లో వెనుక సస్పెన్షన్ కొత్తదయింది, ఆపైన జారుడును కనిపెట్టి తానే బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు వచ్చింది. రోడ్డు మీద నడిచే 911లో ఇంజను ఇప్పటికీ వెనుకే ఉంది. 2017 పందేల కోసం చేసిన ఆర్.ఎస్.ఆర్. రకంలో మాత్రం ఆ సంస్థే ఇంజనును వెనుక ఇరుసుకు ముందుకు జరిపింది. ఇంతకు మించిన ఒప్పుకోలు ఏముంటుంది?

కాబట్టి నా తీర్పు ఇది. 911 కీర్తి న్యాయమైనదే, కాని ఆ కీర్తి వెనుకనున్న ఇంజనుది కాదు. ఒక తప్పును అరవై ఏళ్లపాటు ఓపికగా దిద్దిన పనివాళ్లది, దాని స్వభావం తెలుసుకొని నడిపిన సారథులది. తోక విసరడమే గొప్ప అనేవారు దోషాన్ని అలంకారంగా లెక్కిస్తున్నారు.

ఇదే వెనుక ఇంజనుకు అమెరికాలో మరొక గతి పట్టింది. షెవర్లే సంస్థ 1960 మోడలుగా తెచ్చిన కార్వెయిర్ సామాన్య కుటుంబాల కారు. అది మలుపుల్లో తిరగబడుతోందన్న ఆరోపణతోనే రాల్ఫ్ నేడర్ 1965లో తన ప్రసిద్ధ గ్రంథాన్ని ఆరంభించాడు. అసలు చిక్కు వెనుక చక్రాల సస్పెన్షన్‌లోనూ, ముందు టైర్లకూ వెనుక టైర్లకూ గాలి వేరువేరుగా పెట్టాలన్న సంగతి కొన్నవారికి సరిగా తెలియకపోవడంలోనూ ఉంది. 1965 మోడలుకు సస్పెన్షన్ మార్చారు. తొలి రకాలు కూడా ఆనాటి సాటి కార్లకంటే ఎక్కువ ప్రమాదకరం కావని 1972లో ప్రభుత్వ పరిశీలనలోనే తేలింది. అప్పటికే 1969లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. పందెపుకారుకు క్షమ దొరికింది, సంసారుల కారుకు దొరకలేదు.

ఇప్పుడు మా వీధుల్లోకి వద్దాం. బజాజ్ సంస్థ వెనుక ఇంజను గల ఆటోను 1977లో తెచ్చింది. దాని మీద కనబడే 'ఆర్.ఈ.' అన్న రెండక్షరాలకు అర్థం 'రేర్ ఇంజన్' అనే. ఆ అక్షరాలను రోజూ చూస్తూ చాలాకాలం నేనూ ఆలోచించలేదు.

ఆటో ఒరగడానికి కారణం వెనుక ఇంజనేనని కొందరంటారు. నేను దీనికి పూర్తిగా విరుద్ధం. కాగితం మీద ఒక త్రిభుజం గీయండి. కొన ముందుకు, అడుగు వెనక్కి. కొనలో ఒక చక్రం, అడుగున రెండు చక్రాలు. బండి బరువంతా ఒక చుక్క దగ్గర ఉన్నట్టు ఊహించండి. ఆ చుక్క వెనక్కి పోయినకొద్దీ త్రిభుజం వెడల్పుగా ఉంటుంది కనుక పక్కకు తిరగబడటం కష్టం. ముందుకు వచ్చినకొద్దీ త్రిభుజం సన్నబడి, చిన్న మలుపుకే బండి అంచు మీదికి వస్తుంది. అంటే కారులో తోక ఊపిన ఆ వెనుక బరువే ఆటోను నేలకు పట్టి ఉంచుతోంది! ఆటోకు శత్రువులు వేరు. మలుపులో గట్టిగా బ్రేకు వేస్తే బరువు ముందుకు వాలుతుంది. ముందు సీటులో డ్రైవరుకు అటూ ఇటూ మనుషులను కూర్చోబెడితే ఆ చుక్క ఇంకా ముందుకు జరుగుతుంది. ఒకే గుణం ఒకచోట దోషం, మరొకచోట రక్ష. దోషం స్థానాన్ని బట్టి గుణమవుతుందని మన ఆలంకారికులు ఏనాడో చెప్పారు.

ఈ త్రిభుజం నాకు పుస్తకంలో తెలిసింది కాదు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, సాయంత్రం బడి వదలగానే పిల్లలను ఆటోలలో ఎక్కించే పని వంతులవారీగా మాకు ఉండేది. ఒకనాడు నా వంతు. వాన పట్టేలా ఉంది, రెండో ఆటో రాలేదు. వెనుక నిండిపోగా నలుగురు పిల్లలను డ్రైవరుకు అటూ ఇటూ నేనే సర్ది కూర్చోబెట్టాను. "బరువైతది సారూ, ఇంకో ట్రిప్పు ఏస్త" అని అతనన్నాడు. "ఎంతదూరం, నెమ్మదిగా పో" అన్నాను. రెండు సందులు తిరిగాక, కుక్క అడ్డం వచ్చి బ్రేకు వేస్తే ఆటో పక్కకు పడింది. దేవుడి దయవల్ల ప్రాణాలు దక్కాయి. మా తరగతి పిల్లవాడొకడికి చెయ్యి విరిగింది.

మరునాడు బడిలో, వీధిలో అందరిదీ ఒకటే మాట, "ఆటోవాడి పొగరు" అని. అతణ్ని మాన్పించారు. ఎంతమంది పిల్లలున్నారని ఎవరూ అడగలేదు, ముందు కూర్చోబెట్టిందెవరని అంతకన్నా అడగలేదు. అడగలేదు కనుక నేను చెప్పలేదు. తెలుగు పండితుణ్ణి, సత్యవాక్పరిపాలన మీద హరిశ్చంద్రుడి పాఠం చెప్పినవాణ్ణి, ఆ ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. ఆ డ్రైవరు తర్వాత ఒకటి రెండుసార్లు గుల్జార్‌హౌజ్ దగ్గర కనబడి, నాకే నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం నన్ను ఇంకా వదల్లేదు.

భారతంలో నలోపాఖ్యానం మీకు తెలిసిందే. బాహుకుడి వేషంలోని నలుడు విదర్భ ప్రయాణానికి బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకుంటే, ఋతుపర్ణుడు సందేహించాడు. రాజు రథమెక్కగానే అవి మోకాళ్ల మీద కూలాయి కూడా. నలుడు వాటిని కొట్టలేదు, ఊరడించాడు. తర్వాత రాజుగారి ఉత్తరీయం జారిపడి, ఆపమనేలోగా రథం యోజనం దూరం దాటిపోయింది. గుర్రాల పేరు చూసి తీర్పు చెప్పినవాడు రాజు, గుర్రాల హృదయం తెలిసినవాడు సారథి. మదీనాలో మేమెక్కిన ఆటో డ్రైవరు "ముంగటి పయ్య ఒక్కటే గద" అన్నప్పుడు చెప్పింది ఆ హృదయవిద్యలోని మాటే. మావాడికి అది సాకులా వినిపించింది. జర్మనీలో అదే మాటను శిక్షకుడు చెప్పి ఉంటే శాస్త్రంలా వినిపించేది.

ఆటో డ్రైవర్లందరూ నలులని నేననను. ఎదురుదారిలో దూసుకొచ్చేవారిని, సెల్‌ఫోను చెవికి ఆనించి నడిపేవారిని రోజూ చూస్తూనే ఉన్నాను, తిడుతూనే ఉన్నాను. నా మనవి ఒక్కటే. బండి ఒరిగిన క్షణంలో కారణాన్ని వెదకండి, కులాన్నో బస్తీనో వెదకవద్దు. ఖరీదైన బండి తప్పుకు ఇంజనీర్లు అరవై ఏళ్లు సమాధానం వెదికారు. చవకబండి తప్పుకు సమాధానం ఎదురుగా కూర్చున్న మనిషి మెడ మీద సిద్ధంగా దొరుకుతోంది.

ఆరోజు లాల్‌దర్వాజాలో దిగాక మావాడు డబ్బులిచ్చి, చిల్లర వద్దన్నాడు. నేను మాత్రం డ్రైవరు పక్కకు వెళ్లి, "ముందు సీట్లో పిల్లల్ని ఎక్కించకయ్యా, మాస్టర్లు చెప్పినా సరే" అన్నాను. అతను వింతగా చూసి, "ఎక్కియ్య సారూ" అన్నాడు. ఎన్నడో చెప్పవలసిన మాట అది, చెప్పవలసిన మనిషి కూడా అతను కాదు. అయినా చెప్పాను.

స్వస్తి.